గాలికి దిగువ ఊరు

చౌడేశ్వరి కట్టిన తెర బోడిగుట్ట మీద పనిచేయడం మొదలుపెట్టిన ఆషాఢంలోనే, గుట్టకు తూర్పున పల్లంలో ఉన్న లోతువంకలో గాలి ఆగిపోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని మొదట అనుమానించింది లోతువంకకు కోడలిగా వెళ్ళిన ఆమె సొంత అక్క, ఓబుళమ్మ.

"ఏమే చౌడీ, మీ గుట్ట మీద గాలి ఆడతాండాదా?" అని ఒక మధ్యాహ్నం ఫోన్‌లో అడిగింది.

ఆడుతోందని, ఎప్పటికంటే జోరుగానే ఉందని చౌడేశ్వరి చెప్పింది.

"ఈడ ఆకు కదల్లే. పట్టుపురుగులు మేత ముట్టల్లే," అని ఓబుళమ్మ ఫోన్ పెట్టేసింది.

అనంతపురం జిల్లాలో ఆ గుట్టల వరసకు గాలి ఒక్కటే ఆస్తి. చౌడేశ్వరి పుట్టకముందే కంపెనీలు వచ్చి అక్కడ పెద్ద పెద్ద గాలిమరలు పాతాయి. కరెంటు తీగల వెంట ఎక్కడెక్కడి పట్నాలకో పోయేది. బోడిగుట్ట ఊరికి మిగిలింది గుట్ట చుట్టూ ఇనుప కంచె, పగలూ రాత్రీ రెక్కల మోత. చౌడేశ్వరి తండ్రి ఆ కంచె దగ్గర కాపలా కాస్తూ కాస్తూ ముసలివాడై పోయాడు. ఆయన కాపలా కాసిన కరెంటు ఆయన ఇంటికి వచ్చిన రోజులు తక్కువ. గడువు తీరి కంపెనీలు మరలు పీక్కుని వెళ్ళాక గుట్ట ఖాళీగా మిగిలింది.

అప్పుడు ఇందుధర్ వచ్చాడు. ధర్మవరం మనిషి. బెంగుళూరులో పెద్ద ఉద్యోగం వదిలి "ఊరిగాలి" అనే సంస్థ పెట్టాడు. లాభాలు పంచుకునే కంపెనీ కాదది, దానధర్మాలు చేసే సంఘమూ కాదు. యంత్రం ఊరిది, కరెంటు ఊరిది, మిగిలింది అమ్మితే వచ్చేదీ ఊరిదే. ఎప్పుడు నడపాలో ఎప్పుడు ఆపాలో ఊరి సభ తేలుస్తుంది, ఇంజనీరైనా సరే ఆ మాటకు లోబడాలి. కంచె బయట పెరిగి ఇంజనీరైన చౌడేశ్వరికి ఈ నియమం ఎంతగా నచ్చిందంటే, దాన్ని సంస్థ నిబంధనల్లో పట్టుబట్టి చేర్పించింది ఆమే.

మూతబడిన చెనక్కాయల మిల్లు వాళ్ళ ప్రయోగశాల. మొదట రెక్కల మరలే చిన్నవి చేసి చూశారు. ఊరంతటికీ చాలలేదు. రెక్కల మర గాలి బలంలో సగానికి కాస్త ఎక్కువ తీసుకోగలదు. ఇంకా లాగబోతే వెనక గాలి కదలక పేరుకుంటుంది, ముందు గాలి పక్కలకు తప్పుకుంటుంది. చౌడేశ్వరి రెక్కలు మానేసి దారం పట్టుకుంది. వెంట్రుకంత సన్నని తీగకు ఒక పూత పూసింది. గాలి రాసుకుంటూ పోతే ఆ పూతలోంచి కరెంటు పుడుతుంది. అలాంటి తీగలు వేలకు వేలు మగ్గం మీద పడుగులా చట్రానికి బిగించి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టింది. మీటరు ముల్లు చివరికంటా పోయి కొట్టుకుంది.

లెక్క ప్రకారం అంత రాకూడదు. తెర వెనక ఒక అగరొత్తి వెలిగించి చూసింది. పొగ నిట్టనిలువుగా లేచింది. అగరొత్తిని ఎదురు గోడ దగ్గరకు జరిపింది, తర్వాత తలుపు దగ్గరకు, తర్వాత బయట కళ్ళంలోకి. ఎక్కడ పెట్టినా పొగ వంకర తిరగలేదు. తెర తన మీదికొచ్చిన గాలితో ఊరుకోకుండా, తల పైన పోతున్న గాలిని కూడా కిందికి వంచి దాని బలమూ పిండుకుంటోంది. ఇందుధర్ ఆనందం పట్టలేక ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఉగ్గాని, బజ్జీలు తెప్పించుకుని అందరూ మిల్లు గడప మీద కూర్చుని తిన్నారు. కళ్ళంలో గాలి లేకపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు.

గుట్ట మీద అసలు తెర నిలబెట్టాక బోడిగుట్ట బతుకు మారిపోయింది. బోర్లు పట్టపగలు నీళ్ళు పోశాయి. టమోటాలు దాచుకునే చల్లని గోదాము వచ్చింది. పని కోసం బెంగుళూరు పోయినవాళ్ళలో సగం మంది వెనక్కి వచ్చారు. చౌడేశ్వరి తల్లి సుంకమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ వెలుగుతున్న లైటు చూపించి, అది తన బిడ్డ చేసిందని చెప్పేది.

అక్క ఫోన్ చేసిన మర్నాడు చౌడేశ్వరి గాలి కొలిచే మీటరు బ్యాగులో పెట్టుకుని లోతువంకకు బయలుదేరింది. గుట్ట మీద బండికి స్టాండు వేస్తే గాలికి పడిపోతుందేమో అన్నట్టు ఊగింది. కిందికి దిగి వంక దాటాక ఒకచోట ఆపి వెనక్కి చూసింది. తన బండి లేపిన దుమ్ము దారి పొడుగునా లేచినచోటే నిలబడి ఉంది. పక్కకు పోవడం లేదు. ఊళ్ళో పొయ్యిల పొగ ఇళ్ళ మధ్య మోకాలెత్తున పరుచుకుంది. జనం అట్టముక్కలతో విసురుకుంటూ గడపల మీద కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు.

పట్టుపురుగులకు గాలి ఆడకపోతే జబ్బు చేస్తుంది. ఇంకో వారమైతే గూళ్ళు అల్లాల్సిన పురుగులు తట్టల్లో మెత్తబడి నల్లగా పడి ఉన్నాయి. షెడ్డు మొత్తం కుళ్ళిన వాసన. ఓబుళమ్మ మొగుడు తిప్పేస్వామి వాటిని గంపలకెత్తి గుంతలో పోసి సున్నం చల్లుతున్నాడు. చౌడేశ్వరి షెడ్డు పైకెక్కి మీటరు బిగించింది. దాని గిన్నెలు తిరగలేదు. పాడైందేమోనని నోటితో ఊదింది. తిరిగాయి.

కిందికి దిగాక తిప్పేస్వామి చేతులు కడుక్కుని ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు. "మీ తెరదేనా, మరదలా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు.

తెలుసుకుంటానని చెప్పింది.

"తెలుసుకో. తెలిసినంక దాచద్దు," అన్నాడు.

ఇందుధర్ ఆమె మాటను తోసిపుచ్చలేదు. కానీ ఒక ప్రశ్న వేశాడు. లోతువంకలో ఇంతకుముందు ఎంత గాలి వీచేదో కొలిచినవాళ్ళు లేరు కదా, ఇప్పుడు తగ్గిందని ఏ ఆధారంతో చెబుతామన్నాడు. వాన కారులో గాలి ఏటికేడు మారుతుందనీ, ఒక ఏడాది చూడాలనీ అన్నాడు. చౌడేశ్వరికి ఏడాది ఆగే ఓపిక లేదు. దుమ్ము కడగడానికి తెరను నెలకొకసారి దించుతారు. ఆ రోజు పనివాళ్ళను గుట్ట మీద ఉంచి, తాను వెళ్ళి లోతువంకలో అక్క షెడ్డు మీద కూర్చుంది.

పొద్దెక్కాక తెర దించారు. కాసేపటికి మల్బరీ తోటలో ఆకులు తిరగబడ్డాయి. తర్వాత దండెం మీద చీర లేచింది. అంతలోనే పడమటి గాలి ఈలవేసుకుంటూ వీధిలోకి దూకింది. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని మొహాలు గాలికి పెట్టారు. ఒకావిడ ఎందుకో ఏడ్చింది. అందరూ షెడ్డు మీద మీటరు పట్టుకుని కూర్చున్న చౌడేశ్వరిని చూశారు. సాయంత్రం తెర మళ్ళీ ఎత్తారు, గాలి ఆగిపోయింది. అప్పుడు కూడా అందరూ ఆమెనే చూశారు.

ఆమె బండి ఊరు దాటకముందే వెనక నుంచి మొదటి రాయి వచ్చి పడింది.

చౌడేశ్వరి ఊరి సభ పిలిపించింది. సభకు అధ్యక్షుడు కుళ్ళాయప్ప, మాట మెత్తగా ఉంటుందిగానీ ఎవరికీ లొంగే మనిషి కాదు. తెరలో ఒక చట్రం విడిచి ఒకటి దించేస్తే లోతువంకకు బతకడానికి సరిపడా గాలి పోతుందని ఆమె వివరించింది. మధ్యలో సందులుంటే తెర పైగాలిని వంచలేదు కాబట్టి కరెంటు నాలుగో వంతుకు పడిపోతుందన్న మాట కూడా దాచలేదు. బోర్లు మళ్ళీ వంతులవారీ నడపాలి, గోదాము మూసేయాలి. సభలో గుసగుసలు లేచాయి. కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు.

అప్పట్లో ఒక కరువు ఏడాది ఊళ్ళో బావులు ఎండిపోతే, బోడిగుట్ట ఆడవాళ్ళు బిందెలెత్తుకుని లోతువంకకు పోయారు. ఆ ఊరివాళ్ళు బావి చుట్టూ కంప కొట్టి, కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆ బిందెల్లో కుళ్ళాయప్ప తల్లిది కూడా ఒకటి. ఆ సంగతి అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుసు. అందుకే ఆయన కథంతా చెప్పలేదు.

"నీళ్ళియ్యనోళ్ళకు మనం గాలియ్యల్లనా?" అన్నాడు.

చేతులు లేచాయి. తెర అలాగే ఉండాలని తీర్మానమైంది. చేయెత్తినవాళ్ళలో సుంకమ్మ కూడా ఉంది. ఇంటికొచ్చాక చౌడేశ్వరి అడిగితే, పెద్దబిడ్డకు ఇబ్బందైతే ఇక్కడికి వచ్చి ఉండమని చెప్పానని, అల్లుడినీ రమ్మన్నానని, ఊరి మాట కాదనలేనని చెప్పి పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత రెండు ఊళ్ళ మధ్య దారి చెడింది. బోడిగుట్ట టమోటా లారీలను లోతువంక దగ్గర ఆపి అద్దాలు పగలగొట్టారు. గుట్ట నుంచి దిగే కరెంటు స్తంభాన్ని ఎవరో రంపంతో కోశారు. బోడిగుట్ట మగవాళ్ళు కర్రలతో తెర దగ్గర వంతులవారీ కాపలా కూర్చున్నారు. కంపెనీవాళ్ళు పాతి వదిలేసిన కంచె గుంజలకే మళ్ళీ ముళ్ళకంచె చుట్టారు. చౌడేశ్వరి తండ్రి కూర్చున్నచోటే ఇప్పుడు ఊరివాళ్ళు కూర్చున్నారు. ఆమె గేటు దగ్గరికి పోతే ఎందుకొచ్చావని అడిగారు.

తిప్పేస్వామి ఇంకో పంట పెట్టి చూద్దామనుకున్నాడు. జబ్బు పురుగులున్న షెడ్డును కొత్త పంటకు ముందు ఘాటు మందుతో కడిగి, తలుపులు మూసి ఒక రోజు ఉంచుతారు. తర్వాత కిటికీలన్నీ బార్లా తెరిస్తే, పడమటి గాలికి మందు ఘాటు పూటలో ఎగిరిపోతుంది. అది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతి. ఆయన అలాగే కిటికీలన్నీ తెరిచాడు. తెరిచి పూటంతా ఆగాడు. తర్వాత మొహానికి తడి తువ్వాల కట్టుకుని, తట్టలు పేర్చే స్టాండ్ల కింద నేల కడగడానికి చీపురు తీసుకుని లోపలికి వంగాడు. ఎగరని ఘాటు అంతా నేలబారున పేరుకుని ఉంది. ఓబుళమ్మ మేత కోసుకుని వచ్చేసరికి ఆయన స్టాండ్ల మధ్య బోర్లా పడి ఉన్నాడు. ఆసుపత్రికి చేరకముందే దారిలో ఊపిరి ఆగింది.

శవం దగ్గరికి చౌడేశ్వరిని రానివ్వలేదు. ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. మగవాళ్ళు తిట్టారు. ఆమె వెనక్కి పోలేదు, ముందుకూ పోలేదు. చివరికి ఓబుళమ్మే బయటికి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, కళ్ళలో తడి లేదు. చౌడేశ్వరి ఏడుస్తూ చేయి చాచింది.

"ఏడుపు నాకొద్దు, చౌడీ," అంది ఓబుళమ్మ. "నీ ఏడుపుతో నేనేం జేసుకునేది? గాలి యిడిపించు. యిడిపించినంక రా."

ఆ మాట పట్టుకుని చౌడేశ్వరి నేరుగా గుట్టకు వెళ్ళింది. గేటు దగ్గర మగవాళ్ళతో పాటు ఆ రోజు ఆడవాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. తిప్పేస్వామి చచ్చిపోయాడని అప్పటికే వాళ్ళకు తెలుసు. దిగువ ఊరివాళ్ళు తెర మీదికి వస్తారని భయపడి వచ్చారు. వాళ్ళ మధ్య సుంకమ్మ ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కూతురు గేటు మీద చేయి వేయగానే లేచి అడ్డం నిలబడింది.

"అమ్మా, నీ అల్లుడు పోయినాడు."

"పోయినాడు," అంది సుంకమ్మ. "మీ అక్కను ఎత్తుకొచ్చి సాకేది నేనే గదా. బోరు ఆపేస్తే ఏం పెట్టి సాకల్ల?"

చౌడేశ్వరి గేటు మీద నుంచి చేయి తీసింది.

తిప్పేస్వామి దినాలు అయిపోయాక లోతువంక పెద్దమనుషులు కొందరు పాత మిల్లు దగ్గరికి వచ్చారు. వాళ్ళతో ఓబుళమ్మ కూడా వచ్చింది. దెబ్బలాటకు వచ్చారనుకుని చౌడేశ్వరి తలుపు దగ్గరే నిలబడింది. వాళ్ళను పిలిపించింది ఇందుధర్ అని తర్వాత తెలిసింది. అతను చాపలు పరిపించి, టీ పోయించి, తన ఆలోచన చెప్పాడు. లోతువంకకు తూర్పున ఇంకో గుట్ట ఉంది, దాని మీద వాళ్ళకూ ఒక తెర. తెర పైగాలిని వంచుకుంటుంది కాబట్టి అక్కడా పనిచేస్తుంది. ఆ కరెంటుతో షెడ్లకు ఫ్యాన్లు, ఇళ్ళకు కూలర్లు పెట్టుకోవచ్చు. ఊరిగాలి పుట్టిందే అన్ని ఊళ్ళ కోసమని, అన్యాయం జరిగిన ఊరికే ముందు కట్టిద్దామని అతను మనస్ఫూర్తిగా అన్నాడు. పెద్దమనుషులు అప్పటికే ఒప్పుకుని వచ్చారు.

చౌడేశ్వరి మ్యాపు తెరిచి ఆ గుట్టకు తూర్పున ఉన్న ఊరి మీద వేలు పెట్టింది. ఆ ఊరి పేరు చిన్నేరు. మరి వీళ్ళ గాలి ఏమవుతుందని అడిగింది.

ఇందుధర్ వాళ్ళకూ కడదామన్నాడు. ఆ తర్వాతి ఊరికీ కడదామన్నాడు. చిట్టచివరి ఊరికి ఏం కడతామని ఆమె అడిగితే, అంత దూరం ఇప్పుడే ఎందుకన్నాడు.

తాను పూత పూయనని, ఇంకో తెర కట్టనని చౌడేశ్వరి చెప్పేసింది. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓబుళమ్మ చాప మీద నుంచి లేచింది.

"మీ ఊరికి కట్టేటప్పుడు దిగువన ఊరుండాదని నీకు తెలీదా? మా వంతు వచ్చేతలికి నీకు ధర్మం గుర్తొచ్చినాదా?"

"అక్కా, బావకు అయినట్ల ఆడ ఇంగొకరికి..."

"మీ బావ పేరెత్తద్దు. చిన్నేరోళ్ళ సంగతి చిన్నేరోళ్ళు చూసుకుంటారు. నన్ను ఎవురు చూసినారు?"

వాళ్ళు వెళ్ళిపోయాక ఇందుధర్ కటువుగా మాట్లాడాడు. పూత తయారీ సంస్థది, ఆమె సొంతం కాదన్నాడు. ఆమె చేయకపోతే నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరు చేస్తారనీ, కాస్త ఆలస్యమవుతుందనీ, అంతేననీ అన్నాడు. అదీ నిజమే. ఏ ఊరైనా వాడుకోవచ్చని ఆ తయారీని సంస్థ పేర రాసిచ్చింది ఆమే.

తర్వాత తెర కడిగే రోజు వచ్చింది. కడిగే పంపు, నీళ్ళ ట్యాంకు నడపడం తెలిసినది ఆమెకే కాబట్టి కాపలావాళ్ళు ఆమెను లోపలికి రానిచ్చారు. ఎండ పెళపెళలాడుతోంది. గేటు దగ్గర అందరూ చూస్తూనే ఉన్నారు. ఆమె పనివాళ్ళను దూరంగా పంపించి, బ్యాటరీల్లో పోసే యాసిడ్ ట్యాంకులో కలిపి, పంపు వేసింది. తెర మీద నీళ్ళు ఎప్పటిలాగే జారాయి. తీగల మీద నీలంగా మెరిసే పూత కొంచెం కొంచెంగా కరిగి, కింద బండల మీద నల్లని చారలు కట్టింది. ఒక్కో చట్రం ముందుకూ జరుగుతూ ఆమె తీరిగ్గా, శ్రద్ధగా కడిగింది. ఏ మూలా వదల్లేదు.

పని ముగిసే వేళకు సుంకమ్మ క్యారియరులో సంగటి తెచ్చింది. సభ నాటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య పెద్దగా మాటల్లేవు. అయినా కడిగే రోజున తిండి తేవడం మానలేదు. చౌడేశ్వరి చేతులు కడుక్కుని, తల్లి ఎదురుగా కూర్చుని, తాను ఏం చేసిందో చెప్పింది. తెర ఇక పనిచేయదంది. ఇప్పుడు ఎత్తినా దించినా అది ఉత్త తీగల కట్ట అంది.

సుంకమ్మ మూత తీసిన క్యారియరుకు మళ్ళీ మూత పెట్టింది. క్లిప్పు బిగించింది. దాన్ని తీసుకుని గేటు దగ్గరికి పోయి కుళ్ళాయప్పకు చెప్పింది.

ఊరివాళ్ళు ఆమెను కొట్టారు. పోలీసులు రాకపోతే ఇంకా కొట్టేవాళ్ళు. మిల్లులో పరికరాలు పగలగొట్టారు. ఉమ్మడి ఆస్తిని ధ్వంసం చేసిందని సంస్థ కేసు పెట్టింది. ఫిర్యాదు మీద కుళ్ళాయప్పతో పాటు ఇందుధర్ సంతకం కూడా ఉంది. జైలుకు వచ్చి తానే ఆ సంగతి చెప్పాడు. ఒక మనిషి తన ఇష్టానికి ఊరి ఆస్తిని పాడుచేయగలిగితే ఇక ఊరి సభకు అర్థం ఏముందని అడిగాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. చౌడేశ్వరి ఆ సభలో చేయెత్తే హక్కు లోతువంకకు లేదు కదా అని అడిగింది. అతను లేచి వెళ్ళిపోయాడు.

విచారణ వచ్చేనాటికి లోతువంకకు గాలి తిరిగి వచ్చి, కొన్ని పంటల గూళ్ళు కూడా చేతికొచ్చాయి. తెర గాలిని ఆపిందని, దానివల్ల ఒక మనిషి ప్రాణం పోయిందని, ఇంకో ప్రాణం పోకుండా దాన్ని చెరిపానని చౌడేశ్వరి కోర్టులో చెప్పుకుంది. దానికి రుజువు కావాలి. ఆమె మీటరు లెక్కలు ఆమెవే అన్నారు. లోతువంక వాళ్ళను సాక్షులుగా పిలిచారు. ఆమె లాయరు ధీమాగా ఉన్నాడు. ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు కదా అన్నాడు.

వచ్చినవాళ్ళందరూ ఒకటే చెప్పారు. గాలి ఎప్పుడూ ఆగలేదన్నారు.

అలా ఎందుకు చెప్పారో ఆమెకు కోర్టు వరండాలో తెలిసింది. బోడిగుట్ట, లోతువంక వాళ్ళు ఒక చెట్టు నీడన కూర్చుని, ఒకే పొట్లంలోంచి బొరుగులు తింటున్నారు. కుళ్ళాయప్ప లోతువంక పెద్దమనిషికి నీళ్ళ సీసా అందిస్తున్నాడు. రెండు ఊళ్ళూ కలిసి తూర్పు గుట్ట మీద పాతదానికంటే పెద్ద తెర కట్టబోతున్నాయి. లోతువంక గాలికి ఇక తెర అడ్డం ఉండదు. కరెంటు రెండు ఊళ్ళూ పంచుకుంటాయి. అధికారుల అనుమతి రావాలంటే, తెర వల్ల దిగువ ఊళ్ళకు నష్టం లేదని తేలాలి.

చివరి సాక్షి ఓబుళమ్మ. బోనులో నిలబడి, మొగుడు తన అజాగ్రత్త వల్లే పోయాడని చెప్పింది.

చౌడేశ్వరి తన లాయరును ఆపి, ఒక్క ప్రశ్న తానే అడుగుతానని జడ్జిని వేడుకుంది. జడ్జి ఒప్పుకున్నాడు.

"అక్కా, ఆ పొద్దు షెడ్డు కిటికీలు తెరిచి ఉన్న్యాయా, మూసి ఉన్న్యాయా?"

ఓబుళమ్మ తల దించుకుంది. లోతువంకలో ప్రతివాళ్ళకూ తెలుసు, తిప్పేస్వామి పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఒక్కో కిటికీ తెరిచి రాయి అడ్డం పెట్టాడని. చాలామంది ఆ దారిన పోతూ చూశారు కూడా.

"చెప్పమ్మా," అన్నాడు జడ్జి.

"మూసే ఉన్న్యాయి," అంది ఓబుళమ్మ.

చౌడేశ్వరి ఇంకేమీ అడగనంది.

శిక్ష పడింది. పోలీసులు ఆమెను వరండా వెంట నడిపించి తీసుకుపోతుంటే ఓబుళమ్మ స్తంభం దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. చెల్లెలు దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. తర్వాత గొంతు తగ్గించి, "మనిషి పోయినాడు, ఇంగ రాడు. ఉత్త చేతుల్తో ఎట్ల మిగిలేది?" అంది. క్షమించమని అనలేదు. చౌడేశ్వరి కూడా ఆ మాట అడగలేదు.

ఆమె విడుదలై వచ్చేనాటికి తూర్పు గుట్ట మీద గుంజలు లేచాయి. తీగలు ఇంకా బిగించలేదు. బోడిగుట్టలో తల్లి ఇంటి తలుపు తట్టితే, సుంకమ్మ తెరిచి చూసి, లోపలి నుంచి ఆమె బట్టల పెట్టె తెచ్చి గడప బయట పెట్టింది. చౌడేశ్వరి అందులోంచి బట్టలూ పాత మీటరూ తీసుకుని బస్సెక్కి చిన్నేరులో దిగింది.

చిన్నేరు సర్పంచి రామలింగడు ఆమెను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. గాలి దొంగ అని ఆమె పేరు ఆ ఊరికి ఎప్పుడో చేరింది. గుట్ట మీద తెర ఎత్తకముందే ఈ ఊరి గాలి ఎంతో రోజూ కొలిచి పెట్టాలని, తర్వాత తగ్గితే అడగడానికి ఆధారం ఉంటుందని ఆమె చెప్పింది. నీళ్ళ ట్యాంకు మీద తాను వెంట తెచ్చుకున్న గుంజ పాతుకోనిస్తే చాలంది. చుట్టూ మూగిన జనంలో ఒకావిడ, అంత ప్రేమైతే మా ఊరికే ఒక తెర కట్టియ్యరాదా అంది. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు.

తాను ఇక తెరలు కట్టనని చౌడేశ్వరి అంది.

రామలింగడు తమ ఊరికి పడమట ఉన్న ఆ గుట్ట మీది గుంజల వైపు చూశాడు. తర్వాత ట్యాంకు గేటు తాళం చెవి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు.

"కట్టుకో," అన్నాడు. "మా ఊళ్ళో ఎవురింటికీ పోయి నీళ్ళు గూడా అడగద్దు."

ఆమె వంగి తాళం చెవి తీసుకుంది. గుంజ మోయడానికి ఎవరూ చేయి వేయలేదు. దాన్ని భుజానికెత్తుకుని, జనం మధ్యలోంచి, ట్యాంకు మెట్లు ఒక్కతే ఎక్కింది.